కోర్టు మెట్ల మీద పశువుల పాక

(పిట్స్‌బర్గ్ ప్రాంతపు తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

దీపావళి దగ్గర పడుతోంది. మన టౌన్‌షిప్, అంటే మన ఊరి స్థానిక ప్రభుత్వం, ఆఫీసు ముందున్న పచ్చికలో పెద్ద దీపపు కుంది ఒకటి పెట్టించమని అర్జీ పెడదామని మనవాళ్లు కొందరు అనుకుంటున్నారు. డిసెంబరు వస్తే అక్కడ క్రిస్మస్ చెట్టు పెడతారు, పక్కనే యూదుల హనుక్కా దీపస్తంభం పెడతారు, మనమూ పన్నులు కడుతున్నాం, మన దీపం మాత్రం ఎందుకు ఉండకూడదు అన్నది వాళ్ల మాట. అందులో న్యాయం ఉంది. బడిలో అందరి పండగల ఊసూ విని, మన పండగ జాడ ఊళ్లో ఎక్కడా కనిపించకపోతే పిల్లలు ఇంటికొచ్చి అడుగుతారు. ఆ బాధ ఈ గదిలో అందరికీ తెలుసు. అయినా ఆ అర్జీ మీద సంతకాలు పెట్టేముందు ఒక విషయం చెప్పాలి. ప్రభుత్వ స్థలాల్లో మతచిహ్నాల గురించి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పెద్ద కేసుల్లో ఒకటి మన ఊళ్లోనే పుట్టింది.

డౌన్‌టౌన్‌లో గ్రాంట్ స్ట్రీట్ మీద అల్లెగేనీ కౌంటీ కోర్టు ఉంది కదా. 1888లో కట్టిన రాతి భవనం. జ్యూరీ డ్యూటీకి పిలుపొచ్చి మీలో కొందరు వెళ్లే ఉంటారు. లోపలికి అడుగుపెట్టగానే కనిపించే ఆ పెద్ద మెట్లవరసే ఆ భవనానికంతటికీ అందం. 1986 నవంబరు చివర్లో ఆ మెట్ల మీద ఒక పశువుల పాక వెలిసింది. తొట్టిలో బాల యేసు, మరియ, యోసేపు, గొల్లలు, జ్ఞానులు, పశువులు. పాక నెత్తిన ఒక దేవదూత. ఆ దూత చేతుల్లో లాటిన్‌లో రాసిన పట్టీ. మన చర్చిల్లో తెలుగులో చదువుతారే, ‘సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ’, అదే ఆ మాట. చుట్టూ చిన్న కంచె, ఎరుపూ తెలుపూ పూలకుండీలు. దాన్ని ఇచ్చింది హోలీ నేమ్ సొసైటీ అనే కాథలిక్ సంఘం. ఆ సంగతి రాసిన చిన్న బోర్డు కూడా అక్కడే పెట్టారు.

అక్కడికి కూతవేటు దూరంలో సిటీ-కౌంటీ భవనం. దాని గుమ్మం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు. దాని పక్కన 18 అడుగుల మెనోరా, అంటే హనుక్కా దీపస్తంభం. అది ఒక యూదు సంస్థది. కానీ ఏడాది పొడుగునా దాచేదీ, పండగకి నిలబెట్టేదీ, తర్వాత విప్పేదీ సిటీ వాళ్లే. చెట్టు కింద మేయర్ పేరుతో ఒక బోర్డు. ఈ దీపాలు మన స్వేచ్ఛను గుర్తుచేయాలి అని దాని సారాంశం.

అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ అనే పౌరహక్కుల సంస్థ, దాంతోపాటు స్థానికులు ఏడుగురు కోర్టుకెక్కారు. 1989 జులైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మెట్ల మీద పాక రాజ్యాంగ విరుద్ధం, 5-4. బయటున్న చెట్టూ మెనోరా ఉండొచ్చు, 6-3. ఆ తొమ్మిదిమంది ఎలా చీలారో చూడాలి. ముగ్గురు న్యాయమూర్తులు రెండూ తీసేయాలన్నారు. నలుగురు రెండూ ఉండొచ్చన్నారు. అంటే ఏడుగురి దృష్టిలో ఆ రెంటికీ ఒకటే న్యాయం. హ్యారీ బ్లాక్‌మన్, సాండ్రా డే ఓకానర్, ఈ ఇద్దరు మాత్రమే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అన్నారు. ఆ ఇద్దరి మాటే తీర్పయింది.

వాళ్ల తర్కం ఇది. కోర్టు భవనంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోట, చుట్టూ ఇంకేమీ లేకుండా, దేవుడికి మహిమ అని రాసిన పట్టీతో ఆ పాక నిలబడింది. చూసేవాడికి ఇది కౌంటీ ప్రభుత్వం మాటగానే వినిపిస్తుంది. బయట మాత్రం చెట్టు ఎత్తుగా ఉంది, దాని పక్కన మెనోరా, చెట్టు కింద స్వేచ్ఛ గురించిన బోర్డు. అక్కడ ఒక మతాన్ని నెత్తికెత్తుకున్నట్టు అనిపించదు.

ఓకానర్ ఈ కొలతని అంతకుముందే, 1984లోనే చెప్పారు. ప్రభుత్వం ఒక మతాన్ని సమర్థిస్తే, ఆ మతం కానివాళ్లకి ‘మీరు బయటివాళ్లు, ఈ రాజకీయ సమాజంలో పూర్తి సభ్యులు కారు’ అనీ, ఆ మతంవాళ్లకి ‘మీరు లోపలివాళ్లు’ అనీ కబురు అందుతుంది అన్నారామె. ఈ దేశంలో బతుకుతున్న మనలాంటివాళ్ల గురించి ఒక న్యాయమూర్తి ఇంత సూటిగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా చదవలేదు. కోర్టుకి వెళ్లినవాడు ఏదో ఒక కష్టంలో వెళ్తాడు. విడాకులో, ఇంటి తగాదానో, అబ్బాయి మీద కేసో. తన మాట సమానంగా వింటారా లేదా అన్న టెన్షన్‌తో మెట్లెక్కుతున్నవాడికి మొదట కనిపించేది ఇంకొకరి దేవుడైతే వాడి మనసులో ఏముంటుంది? ఆ పాకలో తప్పేం లేదు. అందమైన దృశ్యం. తప్పల్లా అది నిలబడిన చోటుదే.

ఇప్పుడు ఓకానర్ ఆ మాట చెప్పిన కేసు సంగతి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పొటకెట్ అని చిన్న ఊరు. షాపింగ్ వీధుల మధ్య పార్కులో సిటీ ఏటా క్రిస్మస్ అలంకరణ చేసేది. శాంటా ఇల్లు, బండి లాగే రెయిన్‌డీర్లు, రంగు చారల స్తంభాలు, చెట్టు, పాటగాళ్ల బొమ్మలు, ఒక జోకరు, ఒక ఏనుగు, ఒక ఎలుగుబంటి, వందల రంగు దీపాలు, వాటి మధ్యలో పశువుల పాక. ఆ పాకని సిటీ 1973లో 1,365 డాలర్లకి కొన్నది. ఉండొచ్చు అని 5-4తో సుప్రీంకోర్టు చెప్పింది. చుట్టూ ఇన్ని బొమ్మలున్నాయి కాబట్టి ఇది పండగ సీజన్ అలంకరణ తప్ప మతప్రచారం కాదంది. అప్పటినుంచి జనం దీన్ని రెయిన్‌డీర్ రూల్ అంటూ వస్తున్నారు. దేవుడి పక్కన సరిపడా ప్లాస్టిక్ జంతువుల్ని పెడితే చట్టం ఒప్పుకుంటుందన్నమాట.

ఆ తీర్పు తప్పని నేను గట్టిగా నమ్ముతాను. గెలిచామనుకున్న క్రైస్తవులకే అందులో ఎక్కువ నష్టం జరిగింది. బ్లాక్‌మన్ అసమ్మతి తీర్పులో సరిగ్గా ఇదే రాశారు. ఆ పాకకి సొంత అర్థమేదీ మిగల్లేదు, వ్యాపారానికి పనికొచ్చే సీజన్ గుర్తుగా దిగజార్చారు, క్రైస్తవుడు దాని అర్థాన్ని నోరు తెరిచి చెప్పుకోలేడు, క్రైస్తవుడు కానివాడికి పరాయితనం తప్పదు అని. మన ఇళ్లలో బొమ్మల కొలువులో రామ పట్టాభిషేకం కింది మెట్టు మీద పోలీసు బొమ్మా కూరగాయల బండీ కూడా ఉంటాయి. మనకి అది అపచారం అనిపించదు. ఎందుకంటే ఆ ఇంటివాళ్లు ఇష్టంగా, భక్తితో పేర్చుకున్న కొలువది. ఏది దేవుడో ఏది ఆటబొమ్మో వాళ్లకి తెలుసు. పొటకెట్‌లో పేర్చింది సిటీ. లాయర్లేమో ‘అందులో దేవుడేం లేడండీ, అదంతా డెకరేషనే’ అని కోర్టులో వాదించి గెలవాల్సి వచ్చింది. రేపు మన దీపాన్ని నిలబెట్టడానికి ‘ఇది లక్ష్మీదేవి కాదు, ఉత్త లైటింగే’ అని టౌన్‌షిప్ లాయరు వాదిస్తే వినడానికి మీరు సిద్ధమేనా?

పొటకెట్‌కి ఆనుకునే ప్రావిడెన్స్ నగరం ఉంది. దాన్ని స్థాపించింది రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడు. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు అనే కఠిన నిష్ఠ గల క్రైస్తవులు ఆయన్ని వెళ్లగొడితే వచ్చి కట్టుకున్న ఊరది. చర్చి అనే తోటకీ లోకమనే అడవికీ మధ్య కంచో గోడో ఉండాలని 1644లో రాశాడాయన. ఆయన భయం అడవి గురించి కాదు, తోట గురించి. అధికారం చెయ్యి తగిలితే మతం చెడుతుందన్నది ఆయన బెంగ. తర్వాత 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కూడా ఆ గోడ మాటే రాశాడు. ఎవరికి? కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకి. వాళ్లు నాస్తికులు కారు, గట్టి క్రైస్తవులు. వాళ్ల రాష్ట్రంలో వేరే చర్చి అధికారిక చర్చిగా ఉండేది. తమ ఆరాధన హక్కుని ప్రభుత్వం దయగా విదిలించినట్టు కాకుండా హక్కుగానే చూడాలని వాళ్లు మొరపెట్టుకున్నారు. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీయడం దేవుడంటే పడనివాళ్లు తెచ్చిన గొడవ అని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట ఈ చరిత్ర ముందు నిలవదు.

ఇంకో సంగతి. ఇదే మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ పండగనే నిషేధించారు. చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. 1681దాకా ఆ చట్టం ఉంది. నిషేధించినవాళ్లూ క్రైస్తవులే, జరిమానా కట్టాల్సినవాళ్లూ క్రైస్తవులే.

మనకి ఇదంతా కొంచెం వింతగా అనిపించడానికి కారణం ఉంది. మనం పుట్టి పెరిగినచోట పద్ధతి వేరు. గుడికి ఈవో ఉంటారు, ఆయన దేవాదాయ శాఖ ఉద్యోగి. తిరుమల బ్రహ్మోత్సవాలకి ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు పట్టుకెళ్తారు. రంజాన్‌కి ప్రభుత్వమే ఇఫ్తార్ విందు ఇస్తుంది, క్రిస్మస్‌కీ ఇస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మని రాష్ట్ర పండగ చేసింది. అందరి దేవుళ్లకీ ప్రభుత్వం తలో దండం పెడుతుంది. అక్కడి మంచిచెడ్డలు తూచడానికి నేనిక్కడికి రాలేదు. కానీ ఆ అలవాటుతో ఇక్కడ కూడా ‘వాళ్లకి పెట్టారు, మాకూ పెట్టండి’ అని అడగడానికి వెళ్తాం. ఇక్కడి కట్టుబాటు అది కాదు. మతాన్ని స్థాపించే చట్టం గానీ, స్వేచ్ఛగా ఆచరించుకోవడాన్ని అడ్డుకునే చట్టం గానీ కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, చేయకూడదని రాజ్యాంగానికి 1791లో చేరిన మొదటి సవరణ అంటుంది. 1947లో, మతస్థాపన కూడదన్న మాట రాష్ట్రాలకీ, ఊళ్లకీ కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సవరణ వాక్యంలో రెండు సగాలున్నాయి. మనం పెన్‌హిల్స్ కొండమీద వేంకటేశ్వరుడి గుడి కట్టుకున్నది రెండో సగం అండతో. ఆ గుడి ఉన్నది కూడా అల్లెగేనీ కౌంటీలోనే. కోర్టు మెట్ల మీద పాక కూడదన్నదీ, కొండమీద మన గోపురం ఉండొచ్చన్నదీ ఒకే వాక్యం.

టెక్సాస్‌లో షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి గుడిలో 2024లో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం నిలబెట్టారు. మన చిన జీయర్ స్వామి పూనుకుని చేయించినది. కొందరు చర్చివాళ్లు వచ్చి నిరసన తెలిపారు. మరుసటి ఏడాది ఒక రాజకీయ నాయకుడు, ఇది క్రైస్తవ దేశం, ఇక్కడ ఈ విగ్రహాన్ని ఎలా ఉండనిస్తున్నాం అని బహిరంగంగా రాశాడు. మనందరికీ రక్తం మరిగింది. విగ్రహం మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకు? అది గుడి సొంత స్థలం. ఇది ఏ మతం దేశమూ కాదు అన్న గోడ దాని వెనక ఉంది. అదే విగ్రహం షుగర్‌ల్యాండ్ సిటీహాల్ ముందు సిటీ డబ్బుతో నిలబెట్టి ఉంటే, నేను ఎదుటిపక్షం బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి.

గ్రాంట్ స్ట్రీట్‌కే మళ్లీ వద్దాం. 1999 నుంచి అక్కడ యూఎస్ స్టీల్ టవర్ ముందు ఏటా పశువుల పాక పెడుతున్నారు. వాటికన్ సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో పెట్టే పాకకి అనుమతి పొందిన నకలు. నిలువెత్తు బొమ్మలు. కోర్టు నుంచి నడిచి వెళ్లొచ్చు. దాని మీద దావా వేయడానికి ఎవరికీ ఆధారం లేదు, ఎందుకంటే అది ప్రైవేటు స్థలం. చుట్టూ జోకర్లూ ఏనుగులూ అక్కర్లేదు. అందులో దేవుడు లేడని ఏ లాయరూ చెప్పనక్కర్లేదు. కోర్టులో ఓడిన పాకకన్నా, పొటకెట్‌లో గెలిచిన పాకకన్నా ఇదే ఎక్కువ గౌరవంగా ఉందని నా నమ్మకం. డిసెంబరులో పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

సరే, మధ్యే మార్గం ఒకటి ఉంది కదా అంటారు. ప్రభుత్వం తాను పెట్టకుండా, స్థలాన్ని మాత్రం అందరికీ తెరిచి ఉంచడం. చట్టప్రకారం అది పూర్తిగా సరైనదే. కానీ దాని అర్థం ఏమిటో తెలుసుకుని దిగాలి. 1993 డిసెంబరులో ఒహాయో రాజధాని కొలంబస్‌లో, చట్టసభ ముందున్న మైదానంలో శిలువ పెట్టుకుంటామని కూ క్లక్స్ క్లాన్ అడిగింది. నల్లజాతివాళ్ల ఇళ్లముందు శిలువలు కాల్చిన ఆ క్లానే. రాష్ట్రం కాదంది. చెట్టుకీ మెనోరాకీ చోటిచ్చినప్పుడు వాళ్లకి కాదనడానికి వీల్లేదని 1995లో సుప్రీంకోర్టు 7-2తో చెప్పింది. కాలిఫోర్నియాలో శాంటా మోనికా సముద్రం ఒడ్డు పార్కులో 1950ల నుంచి చర్చిలు పశువుల పాక దృశ్యాలు పెట్టేవి. 2011లో స్థలాలకి లాటరీ తీస్తే 21లో 18 నాస్తికులకి పోయాయి. గొడవలు పడలేక మరుసటి ఏడాది సిటీ అందరికీ కలిపి తలుపు మూసేసింది. 2023లో అయోవా కాపిటల్ భవనంలో సాతాన్ టెంపుల్ అనే సంస్థ తమ విగ్రహం పెట్టింది. అది అభ్యంతరకరమే అంటూనే, దానికి జవాబు మరింత మంచి మాట చెప్పడమే, వచ్చి ప్రార్థనలో కలవండి అన్నారు ఆ రాష్ట్ర గవర్నరు. ఆవిడ ఆ ఒక్క మాట చాలా సరిగ్గా అన్నారు. ఒక పెద్దమనిషి వచ్చి ఆ విగ్రహం తల పడగొట్టాడు. కేసు ఆయన మీద పెట్టారు, విగ్రహం పెట్టినవాళ్ల మీద కాదు.

కాబట్టి తెరిచిన పచ్చికలో మన దీపం పెడితే, పక్కన మనకి నచ్చనిది వస్తుంది. హిందూ దేవతల మీద విమర్శ రాసిన బోర్డు కూడా రావచ్చు. దాన్ని తీయించమని మనం మళ్లీ అర్జీ పట్టుకుని వెళ్లకూడదు. ఆ ఓర్పు ఉందా అన్నది నిజాయితీగా మనల్ని మనం అడుక్కోవాలి.

చట్టం ఈమధ్య మారుతోంది, అదీ చెప్పాలి. మేరీలాండ్‌లో బ్లేడెన్స్‌బర్గ్ అనే చోట, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన 49 మంది జ్ఞాపకార్థం 1925లో నిలబెట్టిన 40 అడుగుల శిలువ ప్రభుత్వ భూమిలో ఉంది. అది ఉండొచ్చని 2019లో 7-2తో తీర్పొచ్చింది. 2022లో, బ్రెమర్టన్ అనే ఊళ్లో ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ ఆట అయ్యాక మైదానంలో ప్రార్థన చేసిన కేసులో ఓకానర్ కొలతనే కోర్టు పక్కన పెట్టేసింది. ఇకమీద చరిత్రనీ సంప్రదాయాన్నీ బట్టి చూడాలంది. నాకు దిగులు కలిగించేది ఇదే. బయటివాడికి ఎలా అనిపిస్తుంది అన్న ప్రశ్నలో మనకి చోటుంది. చరిత్రలో ఏముంది అన్న ప్రశ్నలో మనకి చోటేది? 1791లో ఇక్కడ ఏ ఊరి చావడి ముందూ దీపావళి కుంది లేదు. 2009లో యూటా రాష్ట్రపు కేసు ఒకటి చూడండి. పార్కులో బైబిల్లోని పది ఆజ్ఞల రాతిపలక ఉంది, మా సూత్రాల పలక కూడా పెట్టండి అని సమ్మమ్ అనే చిన్న మతం అడిగింది. శాశ్వత కట్టడాలు ప్రభుత్వం సొంత మాట, ఎవరిది పెట్టాలో దాని ఇష్టం అని తొమ్మిదిమందీ ఒకే మాటగా చెప్పారు. ప్రభుత్వం దేవుడి గురించి మాట్లాడటం మొదలుపెడితే, చిన్న మతాల వంతు వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. 2024లో ప్రతి ప్రభుత్వ బడి గదిలో పది ఆజ్ఞలు తగిలించాలని లూయిజియానా చట్టం చేసింది. అది వెంటనే కోర్టుకెక్కింది. ఆ గదుల్లో మన పిల్లలూ కూర్చుంటారు. మన సంఘాలు ఆ కేసుల మీద నోరు విప్పాలి. ‘మన పలక కూడా పెట్టించుకుందాం’ అని కాదు, ఎవరి పలకా వద్దు అని. అలా అంటున్నవాళ్లలో క్రైస్తవ బోధకులు కూడా ఉన్నారు.

ఇక మన అర్జీ. అందులో మొదటి పేరా బాగుంది, మన పండగ గురించి చెప్పేది. రెండో పేరాలో ‘టౌన్‌షిప్ తరఫున దీపం ఏర్పాటు చేయాలి’ అని ఉంది. ఆ పేరా తీసేయాలి. దానికన్నా ముందు మనం పంపాల్సింది వేరే ఉత్తరం. పచ్చిక వాడుకకి రాతపూర్వకమైన పాలసీ ఉందా? చెట్టూ మెనోరా పెడుతున్నది టౌన్‌షిప్పా, బయటి సంస్థలా? ఖర్చు ఎవరిది? పెన్సిల్వేనియాలో సమాచారం అడిగే హక్కు చట్టం ఉంది. ఆ కాగితాలు అడగడానికి లాయరు కూడా అక్కర్లేదు. పచ్చిక అందరికీ తెరిచి ఉందని తేలితే మన ఖర్చుతో, మన మనుషులతో, మన సంఘం పేరున్న బోర్డుతో దీపం పెడదాం. పండగ అవగానే మనమే తీసేద్దాం. టౌన్‌షిప్ తన సొంతానికి పెడుతున్నదైతే మనం అందులో దూరవద్దు. గుడి ముందు స్థలం ఉంది, మన ఇళ్ల ముందు పచ్చికలున్నాయి. అందరికీ అద్దెకిచ్చే లైబ్రరీ హాలు ఉంది, అక్కడ ఇరుగుపొరుగు వాళ్లని పిలిచి దీపాలు పెట్టి మిఠాయిలు పంచవచ్చు.

ఆ ఉత్తరం ముసాయిదా నేను రాసి తెచ్చాను, వెనక బల్ల మీద ఉంది. చదివి, మార్పులేమైనా ఉంటే పెన్సిల్‌తో రాయండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి.